అజ్ఞాతవర్ణము: విశ్వభయానక కథాచరిత్రలో నొక యధ్యాయము

భయానకమును రసములలో నొకటిగా భరతుడు పరిగణించెను. భయము దానికి స్థాయిభావము. వికృతధ్వనులు, భూతదర్శనము, శూన్యగృహము, అరణ్యము, రాజాపరాధము మున్నగునవి విభావములు. ఈ విభావములలో ననేకములందు ఒక సామాన్యలక్షణము కనబడును. భయపడువానికిని భయపెట్టుదానికిని నడుమ ఏదో యొక సంబంధ ముండును. పులి ఆకలిచే వచ్చును. భూతము పగచే వచ్చును. రాజు కోపముచే దండించును. ఆకలి తీరినను, పగ చల్లారినను, అపరాధము మన్నింపబడినను భయము తొలగుటకు ఒక త్రోవ కలదు.

ఇరువదవ శతాబ్దమున ఆంగ్లభాషలో పెంపొందిన యొక కథాశాఖ ఈ సంబంధమునే త్రెంచివేసినది. ఈ కథలలో మనుష్యునకు హాని చేయు శక్తికి మనుష్యుడున్నాడను సంగతియే పట్టదు. దానికి ఆకలి యున్నను అది మన యాకలివంటిది కాదు. దానికి పగ లేదు. ప్రార్థన వినుటకు చెవులును లేవు. విశ్వము మిక్కిలి పెద్దది, మనుష్యుడు దానికి అక్కర లేనివాడు అను నెఱుకయే ఇందలి భయమునకు మూలము. ఆంగ్లవిమర్శకులు దీనిని కాస్మిక్ హారర్ అందురు. ఈ వ్యాసమున మేము దీనిని విశ్వభయానకము అని వ్యవహరించుచున్నాము.

భయము అజ్ఞానమువలన పుట్టును, జ్ఞానమువలన నశించును అని సామాన్యముగా తలచెదరు. ఈ మాట భూతప్రేతకథల విషయమున కొంతవఱకు చెల్లును. విశ్వభయానకము విషయమున చెల్లదని మా యభిప్రాయము. ఈ భయము అజ్ఞానమున గాక జ్ఞానాభివృద్ధియందే పుట్టినది. దూరదర్శినియు వర్ణపటదర్శినియు లేని కాలమున ఇట్టి కథ వ్రాయుటకు వీలే లేదు. దీనిని నిరూపించుటకు మేము అనేక కథలను తడవక, ఒక్క కథను, అందలి యొక్క కల్పనను తీసికొని, దాని పూర్వోత్తరములను పరిశీలింపదలచితిమి. ఆ కథ హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ 1927వ సంవత్సరమున వ్రాసిన 'ది కలర్ ఔట్ ఆఫ్ స్పేస్'. ఆ కల్పన, ఏ వర్ణపటమునందును చేరని యొక రంగు. ఈ కల్పనకు వెనుక నున్న శాస్త్రచరిత్రలో ఆంధ్రదేశమునకు గూడ చిన్న స్థానము కలదు.

1. మచిలీపట్టణమున కనబడిన పసుపురేఖ

సూర్యకాంతి వర్ణపటములో నల్లని రేఖలు కలవని జర్మనీ దేశీయుడు ఫ్రౌన్‌హోఫర్ 1814 ప్రాంతమున వివరముగా గుర్తించెను. ఆ రేఖలు మూలకములకు చేవ్రాళ్ళవంటివని కిర్కాఫ్, బున్సెన్ అను నిరువురు 1859-60 సంవత్సరములలో తేల్చిరి. ప్రతి మూలకమును కాగినపుడు తనదైన స్థానమునందు కాంతిరేఖ నిచ్చును. అందుచేత ఇనుమును చేత బట్టకయే సూర్యునిలో నినుము కలదని చెప్పుటకు వీలు కలిగెను. అంతకు ముందు నక్షత్రముల రసాయనస్వరూపము మనుష్యునకు ఎన్నటికిని తెలియదని ఫ్రెంచి తాత్త్వికుడు ఆగుస్తు కోంతు 1835లో వ్రాసియుండెను. ఒక్క తరములో ఆ మాట వ్యర్థమయ్యెను.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశముమీదుగా పోయెను. దానిని పరిశీలించుటకు ఫ్రాన్సునుండి పియర్ జాన్సెన్ వచ్చి గుంటూరున విడిసెను. బ్రిటిషువారి పక్షమున టెనెంట్ అను సైనికోద్యోగి గూడ గుంటూరునకే వచ్చెను. మదరాసు వేధశాలాధ్యక్షుడైన నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్టణమును ఎన్నుకొనెను. చంద్రబింబము సూర్యుని కప్పిన కొలది నిమిషములలో సూర్యుని యంచున లేచు జ్వాలలను వర్ణపటదర్శినితో వీరు చూచిరి. ఆ జ్వాలలు ప్రధానముగా ఉదజనివాయువని రేఖలు చెప్పెను. వానితోపాటు పసుపుపచ్చని రేఖ యొకటి కనబడెను. పాగ్‌సన్ దానిని మచిలీపట్టణమున గుర్తించినవారిలో నొకడు. జ్వాలల రేఖలు మిక్కిలి తేజోవంతములుగా నుండుటచేత గ్రహణము లేనపుడును వానిని చూడవచ్చునని జాన్సెనునకు తోచెను. మఱునాడు గుంటూరులోనే అట్లు చూచి నిశ్చయించుకొనెను.

ఆ సంవత్సరమే అక్టోబరు మాసమున ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణము లేకయే ఆ పసుపురేఖను చూచెను. అది సోడియము రేఖలకు సమీపమున నున్నది గాని వానితో కలియలేదు. భూమిమీద నెఱిగిన ఏ మూలకమునకును అది చెందలేదు. సూర్యునికి గ్రీకుభాషలో గల పేరునుబట్టి దాని మూలకమునకు హీలియమను పేరు కలిగెను. ఇరువదియేడు సంవత్సరములు ఆ పేరు మాత్రమే యుండెను. పదార్థము చేతికి రాలేదు. 1895లో విలియం రామ్సే యురేనియము గల యొక ఖనిజమునుండి వెలువడిన వాయువులో ఆ రేఖనే కనుగొనెను. సూర్యుని యపరిచితపదార్థము భూమిలో మొదటినుండియు నున్నదేనని తేలెను.

ఇదే విధముగా మఱి రెండు రేఖలు శాస్త్రజ్ఞులను కలవరపెట్టినవి. 1864లో విలియం హగిన్స్ ఒక నీహారికయందు ఆకుపచ్చరేఖలను చూచెను. అవి ఏ మూలకమునకును చెందకుండుటచేత నెబ్యులియ మను మూలకమును కొందరు ఊహించిరి. 1869 నాటి గ్రహణమున సూర్యుని కరోనాయందు మఱియొక యాకుపచ్చరేఖ కనబడెను. దానికి కరోనియ మను పేరు వచ్చెను. ఈ రెండు మూలకములును లేవు. నెబ్యులియము రేఖలు రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆమ్లజని రేఖలని అమెరికాలో ఇరా బోవెన్ 1927లో చూపెను. కరోనియము రేఖ పదుమూడు ఎలక్ట్రానులను కోల్పోయిన ఇనుముదని గ్రోట్రియన్, ఎడ్లెన్ అనువారు 1939కిని ఆ తరువాతి కొలది సంవత్సరములకును నడుమ తేల్చిరి.

అనగా 1868 మొదలు 1927 వఱకు గల యఱువది యేండ్లలో, ఆకాశమునుండి వచ్చు కాంతిలో పేరు లేని రంగురేఖ యనునది కవి కల్పన కాదు. అది ప్రయోగశాలలో నిత్యము చర్చింపబడుచుండిన సమస్య. కథకుడు దానిని అక్కడనుండియే గ్రహించెను.

2. కథకుడు

లవ్‌క్రాఫ్ట్ అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున ప్రావిడెన్స్ నగరమున 1890 ఆగస్టు 20న జన్మించెను. 1937 మార్చి 15న అక్కడనే మరణించెను. బాల్యముననే జ్యోతిశ్శాస్త్రమందు ఆసక్తి కలిగి, 1903 మొదలు తానే వ్రాసి ప్రతులు తీసి యొక చిన్న ఖగోళపత్రికను నడపెను. 1906 నుండి స్థానికపత్రికలలో ఖగోళవిషయములు వ్రాసెను. జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కావలెనని కోరెను గాని గణితము అతనికి కొఱుకుడుపడలేదు. ఆరోగ్యము చెడి ఉన్నతపాఠశాలలో చదువును ముగింపలేకపోయెను. ఆకాశమును శాస్త్రజ్ఞుడుగా చేరలేనివాడు కథకుడుగా చేరెనని చెప్పవచ్చును.

ఇతనికి ముందు ఈ మార్గమున నడచినవారు లేకపోలేదు. ఎడ్గార్ ఆలన్ పో 1838లో దక్షిణధ్రువసముద్రముల కథ వ్రాసెను. వెల్సు 1898లో అంగారకవాసుల దండయాత్రను వర్ణించెను. ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1907లోను, విలియం హోప్ హాజ్‌సన్ 1908లోను మనుష్యాతీతమైన శూన్యమును చిత్రించిరి. అయినను వెల్సు కథలో అంగారకవాసులకు భూమిమీద ఆశ కలదు. వారు జయింపవలెనని వచ్చిరి. అది మన కెఱుకైన యుద్ధమే. లవ్‌క్రాఫ్ట్ ఆ కోరికను గూడ తీసివేసెను.

అతడు వ్రాయుచుండిన కాలమున విశ్వపరిమాణమే మాఱుచుండెను. మన పాలపుంతయే సమస్తవిశ్వమా, దానికి వెలుపల నిట్టివి మఱికొన్ని కలవా అను విషయమై షాప్లీ, కర్టిస్ అనువారు 1920 ఏప్రిలులో వాదించిరి. ఆండ్రోమెడా నీహారిక పాలపుంతకు మిక్కిలి దూరమున నున్న వేఱొక నక్షత్రసముదాయమని చూపు హబ్బుల్ పరిశీలనలు 1925 జనవరిలో ప్రకటింపబడెను. మనుష్యుని యిల్లు ఒక్కసారిగా చిన్నదయ్యెను. ఆ వార్తను విని కొందరు సంతోషించిరి. లవ్‌క్రాఫ్ట్ ఆ వార్తలోని శీతలత్వమును కథగా మార్చెను.

3. కథ

కథను సంగ్రహముగా చెప్పెదము. మసాచుసెట్స్ రాష్ట్రమున కల్పితమైన ఆర్కం పట్టణమునకు పడమట ఒక జలాశయము కట్టదలచి భూమిని కొలుచుటకు వచ్చిన యుద్యోగి కథను చెప్పుచున్నాడు. ఆ ప్రాంతమున అయిదెకరముల నేల బూడిదవలె నుండి గడ్డియైన మొలవకున్నది. దాని కారణమును అమ్మి పియర్స్ అను వృద్ధుడు అతనికి వివరించెను. 1882 జూనున నేహమ్ గార్డ్‌నర్ అను రైతు పెరటిలో నూతిప్రక్క ఒక ఉల్క పడెను. విశ్వవిద్యాలయమునుండి ఆచార్యులు వచ్చి దాని శకలమును పరీక్షించిరి. అది చల్లాఱలేదు, దినదినమునకు తగ్గుచుండెను. వర్ణపటదర్శినిలో చూడగా దాని రేఖలు ఎఱిగిన రంగులలో దేనికిని సరిపడలేదు. దానిలోని యొక బుద్బుదమును కొట్టగా అది పగిలి శూన్యమయ్యెను. ఒక రాత్రి పిడుగులు పడి ఉల్క మాయమయ్యెను. గాజుపాత్రలో దాచిన శకలము పాత్రతో గూడ అంతకు పూర్వమే పోయెను. ఆచార్యులు తమ పనికి వెడలిపోయిరి.

ఆ సంవత్సరము చెట్లు విరుగకాసెను. పండ్లు పెద్దవి, చూపునకు ఇంపైనవి, రుచికి చేదు. మఱుసటి వసంతమున పూవులు పేరు లేని రంగును దాల్చెను. రాత్రులందు ఆకులు మినుకుమినుకుమనెను. పిమ్మట అన్నియు బూడిదరంగునకు తిరిగి పొడియగుట మొదలిడెను. పశువులకును అదే గతి పట్టెను. రైతు భార్యకు మతి చలించెను. కుమారులు ఒక్కొక్కరే పోయిరి. ఇంటివారు ఆ నూతినీటినే త్రాగుచుండిరి. వెడలిపోవుటకు వారికి శక్తి లేకపోయెను. కడపట ఆ రంగు నూతినుండి లేచి ఆకసమునకు చిమ్ముకొని హంసమండలము దిక్కున కలిసిపోయెను. దానిలో కొంత వెనుకకు నూతిలోనికి జాఱుటను అమ్మి చూచెను. ఆ నేల ఇప్పుడు జలాశయము క్రింద మునుగును. నగరవాసులు ఆ నీటిని త్రాగుదురు. కథ చెప్పినవాడు తాను ఆ నీరు త్రాగనని చెప్పుచున్నాడు.

ఈ కథలో గమనింపదగిన విషయములు మూడు. మొదటిది, ఆగంతుకపదార్థమునకు ఆకారము లేదు, మాట లేదు. అది దుష్టమైనదని చెప్పుటకైనను వీలు లేదు. రెండవది, శాస్త్రజ్ఞులు మూఢులు కారు. వారు చేయదగిన పరీక్షలన్నియు క్రమముగా చేసిరి. ఆ పరీక్షలవలననే ఆ పదార్థము అపరిచితమని తెలిసెను. వర్ణపటదర్శిని లేనిచో అది ఒక వింతకాంతి మాత్రమే యగును. కొలిచి చూచినపిమ్మటనే అది భయంకరమయ్యెను. మూడవది, భయమునకు స్థానము నీరు. జలాశయకల్పనకు రోడ్ ఐలండులో అప్పుడు నిర్మింపబడిన సిట్యుయేట్ జలాశయము తనకు స్ఫూర్తి నిచ్చెనని లవ్‌క్రాఫ్ట్ తెలిపియుండెను. కథ వెలువడిన తరువాత, మసాచుసెట్స్ రాష్ట్రమున క్వాబిన్ జలాశయముకొఱకు 1938లో నాలుగు ఊళ్ళు రద్దుచేయబడెను. ముంపుగ్రామముల చరిత్ర నెఱిగిన మన పాఠకులకు ఈ సందర్భము క్రొత్తది కాదు.

ఈ కథ 'అమేజింగ్ స్టోరీస్' పత్రికలో 1927 సెప్టెంబరు సంచికలో అచ్చయ్యెను. రచయితకు ముట్టిన ప్రతిఫలము ఇరువదియైదు డాలర్లు. అదియు ఆలస్యముగా ముట్టెను. తన కథలలో నిది ఉత్తమమైనవానిలో నొకటియని అతడు భావించెను.

4. 1927వ సంవత్సరము

ఆ సంవత్సరమును చరిత్రదృష్టితో పరిశీలించినచో కొన్ని సమకాలికఘటనలు కనబడును. వీనికి పరస్పరము కార్యకారణసంబంధము కలదని మేము చెప్పుట లేదు. ఒకే కాలమున ఒకే ప్రశ్నకు భిన్నస్థలములలో కలిగిన సమాధానములుగా మాత్రమే వీనిని ప్రక్కప్రక్కన నుంచుచున్నాము.

మొదటిది పైన చెప్పిన బోవెన్ పరిశోధన. ఆకాశములోని యపరిచితవర్ణము మనము పీల్చు ఆమ్లజనిదే యని అతడు చూపెను. కథయందు రంగు ఎన్నటికిని పేరు పొందలేదు. శాస్త్రమునందు అదే సంవత్సరమున పేరు పొందెను.

రెండవది సైబీరియాలోని తుంగుస్కా విషయము. 1908 జూన్ 30న అచట ఆకాశమున సంభవించిన ప్రేలుడువలన రెండువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన యరణ్యము నేలకూలెను. లియొనీద్ కూలిక్ అను సోవియట్ శాస్త్రజ్ఞుడు పందొమ్మిదేండ్లకు, 1927లో, ఆ స్థలమును చేరెను. గొప్ప గుంటయు ఉల్కాలోహమును కనబడునని అతడు తలచెను. గుంట లేదు, లోహము లేదు. నడుమ చెట్లు కొమ్మలు పోయి స్తంభములవలె నిలిచియుండెను. చుట్టును చెట్లు వెలుపలి దిక్కునకు పడియుండెను. ఆ శూన్యమును నింపుటకు ఊహలు బయలుదేఱెను. 1946లో కజంత్సేవ్ అను రష్యన్ రచయిత, అది గ్రహాంతరనౌకయొక్క అణుప్రేలుడని కథ వ్రాసెను. కథగా పుట్టినది కొందరికి సిద్ధాంతమయ్యెను. నేడు అధికసంఖ్యాకులైన శాస్త్రజ్ఞులు అంతరిక్షమునుండి వచ్చిన శిలయో, తోకచుక్క శకలమో గాలిలోనే ప్రేలెనని అంగీకరించుచున్నారు. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ నగరముమీద చిన్న ఉల్క యొకటి గాలిలో ప్రేలి, పగిలిన గాజుపలకలు మున్నగువానిచే సుమారు పదునైదువందలమంది గాయపడినపుడు, ఇట్టి ప్రేలుడు ఎట్టిదో లోకము ప్రత్యక్షముగా చూచెను.

మూడవది న్యూజెర్సీ రాష్ట్రమున జరిగిన వ్యవహారము. చీకటిలో వెలుగు గడియారములకు రేడియము కలిపిన రంగును పూయు పనిలో అనేకులు యువతులు కుదిరిరి. కుంచెమొనను పెదవులతో సన్నము చేయవలెనని వారికి నేర్పిరి. కొన్ని యేండ్లకు వారి దంతములు ఊడెను, దవుడయెముకలు పొడియయ్యెను, పలువురు మరణించిరి. హారిసన్ మార్ట్‌లండ్ అను వైద్యుడు 1925లో రేడియమే దీనికి కారణమని నిరూపించెను. అయిదుగురు స్త్రీలు 1927లో యజమానులపై వ్యాజ్యము నడపిరి. 1928లో అది రాజీగా ముగిసెను.

వెలుగు నిచ్చు పదార్థము లోపలికి పోయి శరీరమును బూడిద చేయుట కథలోను ఇందును సమానమే. కాని భేదము ముఖ్యమైనది. కథలో ఎవరిదియు తప్పు లేదు. ఉల్క పడినది, అంతే. న్యూజెర్సీలో తప్పు మనుష్యులది. కుంచెను పెదవులతో దిద్దుమని చెప్పినవారు కలరు; హానిని దాచినవారు కలరు. ఆ యువతుల మరణమును ఎవరైనను అజ్ఞేయమైన విధిగా వర్ణించినచో అది సాహిత్యదృష్టితో రమ్యముగా నుండవచ్చును గాని న్యాయదృష్టితో దోషులను విడిచిపుచ్చుటయే యగును. విశ్వభయానకమును చదువు విద్యార్థులు ఈ హెచ్చరికను మఱువరాదు. కారణము లేనిది వేఱు. కారణము దాచబడినది వేఱు.

5. కథకుని భయము

ఇదే సంవత్సరము జనవరిలో 'వియర్డ్ టేల్స్' పత్రికలో లవ్‌క్రాఫ్ట్ వ్రాసిన 'ది హారర్ ఎట్ రెడ్ హుక్' అచ్చయ్యెను. అతడు 1924 మొదలు 1926 వఱకు న్యూయార్కు నగరమున బ్రూక్లిన్ ప్రాంతమున బీదతనముతో నివసించెను. నానాదేశములనుండి వచ్చిన శ్రమజీవులు అచట నుండిరి. వారిని చూచి అతనికి కలిగిన ఏవగింపే ఆ కథకు ఆధారము. వలసవచ్చినవారు అందు మనుష్యులుగా గాక ఒక కల్మషముగా చిత్రింపబడిరి. అతని జాబులలో జాతిద్వేషము స్పష్టముగా కలదు. దానిని కాలదోషమని కప్పిపుచ్చుట తగదు.

ఒకే రచయిత ఒకే సంవత్సరమున ప్రకటించిన ఈ రెండు కథలను సరిపోల్చినచో ఒక సంగతి తెలియును. రెడ్ హుక్ కథలో తెలియనిదానికి పొరుగువాని ముఖమును తగిలించెను. అందుచేత ఆ కథ విశ్వభయానకము కాలేదు, సామాన్యద్వేషముగా దిగజాఱెను. రంగు కథలో తెలియనిదానికి ముఖమే లేదు. అది ఎవరి జాతియు కాదు. ఎవరి మతమును కాదు. కావున అది నిలిచినది. కళాగుణమును నీతిగుణమును ఇచట ఒకే మూలమునుండి వచ్చినవని మా తాత్పర్యము. తెలియనిదానిని తెలియనిదిగానే యుంచు నిగ్రహము రచయితకు రెండవ కథలో కలిగెను. మొదటి కథలో కలుగలేదు.

ఈ విషయమును తరువాతి తరములవారు గుర్తించిరి. 1975 మొదలు ప్రపంచ ఫాంటసీ పురస్కారముగా లవ్‌క్రాఫ్ట్ శిరోబింబము నిచ్చుచుండిరి. అభ్యంతరములు కలుగగా దానిని మానుచున్నట్లు 2015లో ప్రకటించిరి. నల్లజాతి రచయిత విక్టర్ లవాల్ 2016లో రెడ్ హుక్ కథను ఒక నల్లవాని దృష్టినుండి తిరుగవ్రాసెను. అందు పోలీసుల క్రౌర్యము ముందు ప్రాచీనదేవతల యుదాసీనతయే మేలనిపించును. ఖండనముకంటె ఇట్టి పునారచనయే బలమైన విమర్శ యని మేము తలచుచున్నాము.

6. తెరపై రంగు

చదువరికి పేరు లేని రంగును చెప్పవచ్చును. ప్రేక్షకునకు చూపుట యెట్లు? చలనచిత్రమునకు ఇది కఠినసమస్య. తెరపై పడు ప్రతి రంగును మన యెఱిగినదే. ఈ కథను చిత్రించినవారు భిన్నమార్గములను త్రొక్కిరి.

1965లో డేనియల్ హాలర్ దర్శకత్వమున, బోరిస్ కార్లాఫ్ నటించిన చిత్రమున కథ ఇంగ్లండునకు మార్చబడెను; ఉల్క రేడియోధార్మికశిల యయ్యెను. అణ్వస్త్రభీతిగల యా దశాబ్దమునకు అది సహజమే గాని, కారణము చెప్పుటచేత విశ్వభయానకము తగ్గెను. 1987లో డేవిడ్ కీత్ దీనినే అమెరికను పల్లెకథగా మార్చెను. 2010లో జర్మనీలో హువాన్ వూ తీసిన చిత్రము నలుపుతెలుపులలో నడచును. ఆ రంగు వచ్చినపుడు మాత్రమే తెరపై వర్ణము కనబడును. రంగులేని లోకమునకు ఏ రంగైనను అపరిచితమే యగును గదా. ఈ యుపాయము మిక్కిలి యోచనతో కూడినది.

2019లో రిచర్డ్ స్టాన్లీ తీసిన చిత్రమున మెజెంటా వర్ణము వాడబడెను. ఈ యెన్నికకు శాస్త్రీయమైన యర్థమును చెప్పవచ్చును. ఇంద్రధనుస్సులో మెజెంటా లేదు. దానికి ఒంటరి తరంగదైర్ఘ్యము లేదు. ఎఱుపును నీలమును ఒక్కసారి కంటబడగా మన మెదడు దానిని కల్పించుకొనును. వర్ణపటమునందు చేరని రంగు మన కన్నులలోనే యున్నదన్నమాట. లవ్‌క్రాఫ్ట్ కథకు ఇంతకంటె తగిన వ్యాఖ్యానము దొరకదు.

7. కేరళమున ఎఱ్ఱవాన

ఆకాశమునుండి రంగు దిగివచ్చెనను వార్త మన దేశముననే యొకపరి కలిగెను. 2001వ సంవత్సరము జూలై 25 మొదలు సెప్టెంబరు వఱకు కేరళమున కొట్టాయము మున్నగు జిల్లాలలో పలుమాఱులు ఎఱ్ఱని వాన కురిసెను. ఉల్క ప్రేలి దాని ధూళి వానతో కలిసెనని మొదట ఊహించిరి. ప్రభుత్వమువారు నియోగించిన శాస్త్రజ్ఞులు ఆ నీటిని పరీక్షించి, ట్రెంటిపోలియా అను నాచుయొక్క సిద్ధబీజములే ఆ రంగునకు కారణమని 2001 నవంబరులో నివేదించిరి. అది ఆ ప్రాంతపు చెట్లమీదను రాళ్ళమీదను విరివిగా పెరుగునదే. అయినను కొట్టాయములోని విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రజ్ఞు లిరువురు ఆ కణములు అంతరిక్షమునుండి వచ్చిన జీవకణములు కావచ్చునని వాదించి 2006లో వ్యాసము ప్రకటించిరి. లోకపత్రికలు రెండవ వాదమునకే యెక్కువ చోటిచ్చెను.

ఇందుకు కారణము సులభముగా తెలియును. పెరటిచెట్టు నాచు కథ కాదు. నక్షత్రలోకపు జీవకణము కథ యగును. లవ్‌క్రాఫ్ట్ మొదలగువారు ఏర్పఱచిన కథారూపము మన మనస్సులలో ముందే యుండుటచేత, ఘటన జరిగిన వెంటనే దానిని ఆ మూసలో పోయుదుము. తుంగుస్కాయందు జరిగినది ఇదియే. కేరళమందు జరిగినదియు నిదియే. వాస్తవరహస్యములు కథలను పుట్టించుననుట ఎంత నిజమో, కథలు వాస్తవరహస్యములను పుట్టించుననుటయు అంతే నిజము.

8. రసదృష్టి

ఇక మన రసశాస్త్రమున దీనికి గల స్థానమును విచారింపవలెను. భరతుడు భయానకము బీభత్సమునుండియు, అద్భుతము వీరమునుండియు పుట్టునని చెప్పెను. విశ్వభయానకమున ఈ రెండు కొసలును కలియును. విస్మయము లేనిచో అది వట్టి జుగుప్స. భయము లేనిచో వట్టి వింత. భగవద్గీత పదునొకండవ యధ్యాయమున విశ్వరూపమును చూచిన యర్జునునకు హర్షమును భయమును ఏకకాలమున కలిగెను. లోకములన్నియు ఆ ముఖములలో పడుచుండుట అతడు చూచెను. పరిమాణమున ఇంతకంటె పెద్ద భయానకము లేదు.

అయినను అది విశ్వభయానకము కాదు. ఏలయన అర్జునుడు వేడుకొనుటకు ఎదుట ఒకడు కలడు. పూర్వరూపమును చూపుమని యడుగగా ఆయన చూపెను. భయము శాంతమున విశ్రమించెను. మహాభారతారణ్యపర్వమున ప్రళయజలములలో ఒంటరిగా తిరిగిన మార్కండేయునకును మఱ్ఱిచెట్టుపై శిశువు కనబడెను. మన వాఙ్మయము విశ్వముయొక్క యపరిమితత్వమును ఎఱుగక కాదు, ఆ యపరిమితత్వమున మనుష్యునకు బంధు వొకడు కలడని నమ్ముటచేతనే భయమునుండి తేఱినది. ఆ బంధువును తీసివేసినచో మిగులునది నేహమ్ గార్డ్‌నర్ నూయి. ఈ భేదము ప్రాక్పశ్చిమభేదము కాదు. పదునేడవ శతాబ్దమున పాస్కల్ అనంతాకాశముల మౌనమును తలచి భయపడెను. అయినను అతడు భక్తుడే. భేదము విశ్వాసమునకు సంబంధించినది. విశ్వాసము సడలిన కాలమునకు సంబంధించినది.

9. ఉపసంహారము

పైన చెప్పినదానిని క్రోడీకరించెదము. అజ్ఞాతవర్ణ మను కల్పన శాస్త్రము తెలియనివాని భయము కాదు. గుంటూరున, మచిలీపట్టణమున, పిమ్మట లోకమున పలుచోట్ల వర్ణపటదర్శినితో చూచినవారి యనుభవమునుండి వచ్చినది. శాస్త్రజ్ఞుడును కథకుడును ఒకే రేఖను చూచిరి. శాస్త్రజ్ఞుడు ఇరువదియేడేండ్లు ఓపికపట్టి దానిని భూమిలో కనుగొనెను. అఱువదేండ్లు పట్టినను నెబ్యులియమును ఆమ్లజనిగా గుర్తించెను. కథకుడు ఆ నిరీక్షణకాలమునే శాశ్వతము చేసెను. ఆ కాలమున మనుష్యునకు కలుగు భయమును అతడు నిజముగా చెప్పెను గావున ఆ కథకు విలువ కలదు.

ఆ భయమును కథవెలుపల వాడునపుడు మాత్రము రెండు ప్రమాదములు కలవు. తెలియనిదానికి పొరుగువాని రూపము నిచ్చుట యొకటి. మనుష్యులు చేసిన యపరాధమునకు విశ్వమును బాధ్యునిగా చేయుట రెండవది. రెడ్ హుక్ మొదటిదానికిని, రేడియము పనికత్తెల చరిత్ర రెండవదానికిని సాక్ష్యములు.

తెలుగున దయ్యాలకథలకును క్షుద్రసాహిత్యమునకును కొఱత లేదు. అందలి భయమునకు పగ, మంత్రము, శాపము మున్నగు సంబంధములే ఆధారము. సంబంధరహితమైన భయమును మన కథకులు ఎంతవఱకు చేపట్టిరి, చేపట్టకుండినచో దానికి విశ్వాసము కారణమా, కథాసంప్రదాయము కారణమా అను ప్రశ్న పరిశోధనకు తగినది. ఆ పనికి పూనుకొను విద్యార్థులు కథలతోపాటు, ఆ కాలపు శాస్త్రచరిత్రను గూడ చదివినచో ఫలితము నిలుకడగా నుండునని మేము నమ్ముచున్నాము.